సుగ్గి కాలంలో చిన్నబడి పిల్లలు: 6–11 ఏళ్ల వయసుకు తగిన చదువు, ఆరోగ్యం కోసం వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
కర్నూలు.

సమర్పిస్తున్నవారు: జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఒక మండలంలో ప్రాథమిక పాఠశాలల యాజమాన్య కమిటీలకు ఎన్నికైన తల్లిదండ్రులు.

విషయం: వలస ఊళ్లలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల శారీరక, మానసిక ఎదుగుదలకు తగినట్టు సీజనల్ హాస్టళ్లు, బోధన, భోజనం, వైద్య పరీక్షలు, ఆటలు ఏర్పాటు చేయాలని కోరుతూ.

అయ్యా,

తుంగభద్ర పక్కనే పారుతున్నా వాన మీదే ఆధారపడి బతికే రైతులం, కూలీలం మేము. దీపావళి వెళ్లాక మా ఊళ్లలో తాళం వేసిన ఇళ్లే ఎక్కువ కనపడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపు పోతాం. కొందరు తెలంగాణకు, కొందరు ఇళ్లు కట్టే పనులకు బెంగళూరుకు పోతారు. మా దిక్కున దీన్ని సుగ్గికి పోవడం అంటారు. తిరిగి ఊరు చేరేది ఉగాదికే. చెరువులకు నీళ్లు కావాలని, ఊళ్లోనే పని చూపాలని మా పెద్దలు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు. ఆ కోరికలు అలాగే ఉన్నాయి. ఈ పత్రం మాత్రం మాతోపాటు లారీ ఎక్కే పిల్లల గురించి, అందులోనూ ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు వాళ్ల గురించి.

ఈ వయసును ప్రత్యేకంగా ఎందుకు ఎత్తుతున్నామో ముందుగా విన్నవించుకుంటాం.

అంగన్‌వాడీలో ఉన్నంతకాలం బిడ్డను తూస్తారు, ఎత్తు చూస్తారు, తగ్గితే తల్లిని పిలిచి అడుగుతారు. ఒకటో తరగతిలో చేరాక ఆ శ్రద్ధ తెగిపోతుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో సీటు కావాలంటే ఐదో తరగతి రావాలి. కస్తూర్బా విద్యాలయంలో చేరాలంటే ఆరో తరగతి రావాలి. అంగన్‌వాడీకీ వీటికీ నడుమ ఉన్న నాలుగైదేళ్లు బిడ్డకు దిక్కు ఊరి బడి ఒక్కటే. ఆ బడి వేళలు, బల్లలు, పరీక్షలు, క్యాలెండరు అన్నీ పెద్దపిల్లల కోసం తయారైనవి. అన్నకు కుట్టించిన చొక్కాను తమ్ముడికి తొడిగినట్టుంది వాటి తీరు. ఆరు నుంచి పదకొండేళ్ల బిడ్డ ఒంటినీ బుర్రనీ కొలతగా పెట్టుకుని బడిని సరిచేయాలన్నది మా వినతి సారాంశం. కింద రాసిన కోరికలన్నీ అందులోంచి పుట్టినవే.

ఈ ఏళ్లలో బిడ్డకు జరిగేది

ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు, 2 నుంచి 3 కిలోల బరువు పెరుగుతారు. చంటితనంలో కనిపించే వేగం గానీ, పదకొండు, పన్నెండేళ్లప్పుడు ఒక్కసారిగా సాగే పొడుగు గానీ ఇప్పుడు ఉండవు. నిదానంగా జరిగే పని కాబట్టి ఆగిపోయినా ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు. ఆరేళ్లు దాటగానే పాలపళ్లు ఊడటం మొదలై పన్నెండేళ్లకల్లా ఇరవై పళ్లూ రాలిపోతాయి. వాటి వెనకాల ఏ పన్నూ ఊడకుండానే తొలి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. అది కూడా పాలపన్నే, పుచ్చితే ఊడి కొత్తది వస్తుందిలే అని చాలామంది వదిలేస్తారు. జీవితాంతం నమలాల్సిన పన్ను అలా పదేళ్లకే పోతుంది. మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి గనక ఒకటో తరగతి బిడ్డ చేత పేజీలకు పేజీలు కాపీ రాయిస్తే వేళ్లు నొప్పి పుడతాయి, దస్తూరీ చెడుతుంది.

ఆరేళ్లకే మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణానికి దాదాపుగా చేరుతుంది. లోపలి నరాల దారులు చురుకెక్కడం, నాలుగు సంగతులు ఒకేసారి మనసులో పట్టుకోవడం, తొందరను ఆపుకోవడం మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగుతాయి. వామనగుంటలు ఆడే ఇళ్లలో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఏడేసి చింతపిక్కలు రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసను కాస్త ఎడంగా జరపండి. ఐదేళ్ల పిల్ల పొడుగు వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటుంది. ఎనిమిదేళ్ల అక్క నవ్వి, జరిపితే ఎక్కువవుతాయా అంటుంది. చూపుకు కనిపించేదాన్ని దాటి లెక్క నిలబడుతుందన్న ఎరుక ఈ వయసులోనే వస్తుంది. జీన్ పియాజే దీన్ని సుమారు ఏడేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా సాగే మూర్త ప్రచాలక దశ అన్నారు. చేతితో తాకి, పేర్చి, విడదీసి చూసిన వస్తువుల మీద బిడ్డ చక్కగా తర్కించగలదు; ఉత్త మాటల మీద, గుర్తుల మీద ఇంకా తడబడుతుంది. టెట్‌కూ డీఎస్సీకీ చదివిన ప్రతి టీచరుకూ ఈ మాట కంఠతా వచ్చు. బిట్ పేపరులో మార్కు తెచ్చిన ఆ మాటను తరగతి గదిలో పాటించే వీలు మాత్రం వాళ్లకు దొరకడం లేదు.

చదవడం సంగతీ అంతే. మొదటి రెండేళ్లు బిడ్డ అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటుంది. మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి చదివి విషయం నేర్చుకోవాలి. 2021 జూలై 5న మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు రావాలనే గురి పెట్టుకుంది. మా పిల్లలు లారీ ఎక్కేది సరిగ్గా ఈ మలుపు దగ్గరే. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటోంది. నవంబరు నుంచి మార్చి దాకా ఊళ్లో లేని బిడ్డకు అందులో దాదాపు సగం పోతుంది.

సుగ్గి నుంచి వచ్చిన పిల్లవాడి లెక్క

మిరప చేను నుంచి వచ్చి ఏప్రిల్‌లో మళ్లీ బడిలో కూర్చున్న నాలుగో తరగతి పిల్లవాణ్ణి టీచరు బోర్డు దగ్గరకు పిలిచి 43లోంచి 18 తీసేయమన్నారు. నాలుగులో ఒకటి పోతే మూడు, ఎనిమిదిలో మూడు పోతే ఐదు అనుకుని 35 అని రాశాడు. తరగతి నవ్వింది. టీచరు సుద్దముక్క పక్కన పెట్టి, మీ అమ్మ 43 కిలోలు కోసింది, 18 కిలోలకు డబ్బిచ్చారు, ఇంకెన్ని కిలోలకు రావాలని అడిగారు. వాడు కళ్లు పైకెత్తి, వేళ్లు కూడా మడవకుండా, ఇరవై ఐదు అన్నాడు. 18కి రెండు కలిపితే 20, అక్కడి నుంచి 43కు ఇంకో 23, మొత్తం 25 అని ఎలా చేశాడో కూడా చెప్పాడు.

ఆ పిల్లవాడికి లెక్క వచ్చు. బడి లెక్క రాసే పద్ధతి నేర్పే నెలల్లో వాడు బడిలో లేడు. ఇది ఒక్క మా ఊరి ముచ్చట కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరితో కలిసి కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. సంతలో చకచకా లెక్క కట్టే పిల్లలు అదే లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే పోయే పిల్లలు సంత లెక్కల దగ్గర తడబడ్డారు. రెంటికీ మధ్య వంతెన వేయాల్సింది బడే. ఆ టీచరుకు ఆ పూట తీరిక దొరికింది కాబట్టి వేయగలిగారు. ఐదు తరగతులూ ఒక్కరే చూసుకునే బడిలో ఆ తీరిక రోజూ దొరకదు.

పై సంగతులు దృష్టిలో పెట్టుకుని మా కోరికలు తమ ముందుంచుతున్నాం.

ఒకటి: సుగ్గి కాలపు ఏర్పాట్లు

1. సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు వలస మొదలైన తర్వాత తెరుచుకుంటే ఉపయోగం లేదు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడే బిడ్డను తీసుకుపోవాలా, ఉంచి పోవాలా అన్నది తేలిపోతుంది. సెప్టెంబరులో ఇంటింటి సర్వే చేసి, అక్టోబరులోనే హాస్టలు తెరిచి, ఆఖరి కుటుంబం తిరిగొచ్చేదాకా నడపాలి.

2. హాస్టలు ఏ ఊరి పిల్లలకు ఆ ఊరి బడిలోనే ఉండాలి. రాత్రికి ఇద్దరు ఆడవాళ్లు తోడు ఉండాలి. వాళ్లలో ఒకరైనా ఊరివాళ్లై ఉండాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. కాబట్టి పెద్దపిల్లల హాస్టళ్లలో లాగా తెల్లవారుజామున లేపి స్టడీ అవర్ పెట్టొద్దు.

3. ఆరేడేళ్ల పిల్లలు నెలల తరబడి తల్లిని వదిలి ఉండలేరు. వాళ్లను హాస్టల్లో చేర్పించాలని పట్టుబట్టడం సరికాదు. అవ్వాతాతల దగ్గర ఉండగలిగిన పిల్లలకు నెలనెలా రేషను, వంట సరుకులు అదనంగా ఇవ్వాలి. తల్లితో వెళ్లక తప్పని పిల్లలకు పని జరిగే చోటే బడి నడిచేలా గుంటూరు, పల్నాడు జిల్లాల అధికారులతో తమరు ముందుగానే మాట్లాడాలి.

4. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండరాదని 5వ సెక్షన్ చెబుతోంది. అయినా పేరు ఆన్‌లైన్‌లో ఊరి బడిలోనే ఉంది, ఇక్కడ భోజనం లెక్కకు రాదు అన్న జవాబు మాకు ఎదురవుతోంది. సుగ్గికి పోయే ప్రతి బిడ్డకూ ఒక కార్డు ఇవ్వండి. అందులో శాశ్వత విద్యా సంఖ్య (పెన్), ఎంతవరకు చదవగలదు, ఏ లెక్కలు వచ్చు, ఎత్తు, బరువు, వేసుకుంటున్న మందులు రాసి ఉండాలి. ఆ కార్డు చూపిన రోజే ఏ ఊరి బడిలోనైనా కూర్చోబెట్టి అన్నం పెట్టాలి.

5. ఎనిమిదేళ్ల ఆడపిల్ల చేనుకు పోవడానికి ఒక్కోసారి కూలి కారణం కాదు. తల్లి కాయ కోస్తుంటే చెట్టు కింద చంటిబిడ్డను ఆడించడానికి ఒకరు కావాలి. పని చేసే చోట అంగన్‌వాడీ చంటిబిడ్డను చేర్చుకుంటే అక్క బడికి వస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు చేస్తే ఎందరో ఆడపిల్లలు మూడో తరగతి దాటుతారు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదంటోంది. బడివేళ దాటాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయడానికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు చాటున చిన్నచేతులు మిరపఘాటుకు మండుతున్నాయి, పత్తి విత్తన చేలల్లో పూలు క్రాసింగ్ చేస్తున్నాయి. కూలి కుటుంబాన్ని దండించే ముందు అడ్వాన్సులో పిల్లల చేతులను కూడా లెక్కగట్టే మేస్త్రీని, యజమానిని అడగాలి.

రెండు: టీచర్లు, బోధన, భాష

6. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. మా ఊళ్లలో ఇద్దరున్న బడి నుంచి పని సర్దుబాటు పేరుతో ఒకరిని పంపితే మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరు మీటింగుకు పోయిన రోజు బడికి సెలవే. వలస ఎక్కువగా ఉన్న ఊళ్ల ప్రాథమిక బడుల నుంచి ఏడాది మధ్యలో టీచరును కదిలించొద్దు. నవంబరులో పిల్లలు తగ్గారని ఆ సంఖ్య మీద పోస్టులు తేల్చొద్దు. జూలై హాజరునే లెక్కలోకి తీసుకోవాలి.

7. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను వాడరాదని 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనిని బోధన వేళ బయటకు మార్చాలి. ఉదయం మొదటి రెండు పీరియడ్లలో టీచరు చేతిలో ఫోను ఉండనవసరం లేని ఏర్పాటు కావాలి.

8. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలకు 4వ సెక్షన్ కింద ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పూట రెండున్నర గంటలు, చల్లని వేళలో, ఊళ్లోనే నడపాలి. తరగతిని బట్టి కాకుండా బిడ్డ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. లెక్కలు చింతపిక్కలతో, పుల్లల కట్టలతో, తూకం రాళ్లతో, కూలి చీటీలతో చెప్పించాలి. పది పుల్లల కట్ట విప్పి చూసిన బిడ్డ 43లోంచి 18 తీసేటప్పుడు పొరపడదు. ఈ దారి ఉమ్మడి రాష్ట్రంలో నడిచినదే. శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను బ్రిడ్జి కోర్సుల ద్వారా బడిలోకి తెచ్చి చూపింది. ఆ కృషికే ఆమెకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది.

9. కర్ణాటక సరిహద్దు వెంబడి మా ఊళ్లలో ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు చాలామంది. కన్నడ మీడియం బడి అందుబాటులో లేని చోట వాళ్లు తెలుగును, ఇంగ్లీషును ఒకేసారి కొత్త భాషలుగా ఎదుర్కొంటున్నారు. రాజ్యాంగంలోని 350ఏ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటోంది. అలాంటి బడుల్లో ఒకటి, రెండు తరగతులకు కన్నడ తెలిసిన టీచరును వేయాలి. తెలుగు పిల్లల విషయానికొస్తే, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు చేతికి వచ్చాయి. టీచరు రెండు పేజీలూ వాడేందుకు వెసులుబాటు ఉండాలి. అర్థం తెలుగులో అందాక ఇంగ్లీషు మాట నేర్పితే పిల్లలు నిలుపుకుంటారు. అర్థం లేకుండా బట్టీ పట్టింది సుగ్గికి పోయేసరికి పోతుంది.

10. వచ్చిన వారానికే పరీక్ష పెట్టి సున్నా వేయొద్దు. ఊళ్లో లేని నెలల ఫార్మేటివ్ పరీక్షలకు గైర్హాజరు అని రాసి వదిలేయకుండా, ప్రత్యేక శిక్షణ తర్వాత ఏం వచ్చిందో చూసి రాయాలి.

మూడు: తిండి, ఆట, ఆరోగ్యం

11. కూలికి పోయే ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగినా ఆ రొట్టెలు చేనుకు పోయేవాళ్ల మూటలోకే ఎక్కువ పోతాయి. చాలామంది పిల్లలు పరగడుపున బడికి వచ్చి మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంటారు. ఆకలి కడుపుకు ఎక్కాలు ఎక్కవు. రాగిజావ ఇచ్చే రోజుల్లో మొదటి పీరియడ్‌కు ముందే ఇవ్వాలి. మిగతా రోజుల్లో కూడా పొద్దున ఏదో ఒకటి కడుపులో పడే ఏర్పాటు చేయాలి.

12. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతులకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్లు. ఆరో తరగతి నుంచి 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్లు. ఐదో తరగతి ఆడపిల్ల అప్పటికే పొడుగు సాగడం మొదలుపెడుతుంది. ఆమెకు ఆకలి ఒకటో తరగతి తమ్ముడికన్నా ఎక్కువ. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు అడిగితే మారు వడ్డించేలా సరుకుల లెక్క ఉండాలి. మా ఇళ్లలో తినే జొన్న రొట్టె, కొర్రన్నం వారంలో ఒకటి రెండు రోజులైనా పెట్టొచ్చు.

13. నులిపురుగుల నివారణ దినం ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఫిబ్రవరి 10న మా పిల్లలు మిరప చేలల్లో ఉంటారు. చెప్పుల్లేని కాళ్లతో, ఆరుబయలు మరుగుదొడ్డిగా ఉన్న చోట, ఆ మాత్ర అందరికన్నా ముందు అవసరమైనది వాళ్లకే. పని జరిగే ఊరి ఆశా కార్యకర్తకు ఆ జాబితా పంపాలి. లేదంటే తిరిగొచ్చిన వారంలో ఇవ్వాలి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకటి ఇవ్వాల్సిన గులాబీరంగు ఐరన్ మాత్రలు కూడా హాస్టల్లో, పని స్థలం బడిలో ఆగకుండా అందాలి. రక్తం తక్కువైన బిడ్డ తొందరగా అలసిపోతుంది, పాఠం మీద మనసు నిలపలేదు. దానికి మొద్దు అన్న పేరు పెట్టడం అన్యాయం.

14. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఏడాదికోసారి బడికి వస్తుంది. మా మండలానికి ఆ రాక జూలై, సెప్టెంబరు నెలల మధ్యే ఉండాలి. కళ్లు, చెవులు, పళ్లు తప్పక చూడాలి. బోర్డు మసకగా కనిపించే బిడ్డకు అది తన లోపమని తెలియదు. లోకమంతా అలాగే కనపడుతుందనుకుని పక్కపిల్ల నోటుపుస్తకం చూసి రాసుకుంటుంది. అద్దాలు రాసి ఇచ్చిన తర్వాత అవి దీపావళికి ముందే చేతికి రావాలి.

15. జూలైలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ప్రతి బిడ్డ ఎత్తు, బరువు కొలిచి కార్డులో రాయాలి. ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగని బిడ్డను డాక్టరుకు చూపించాలి. దీనికి కావలసింది గోడ మీద ఒక గీతల పట్టీ, ఒక తూకం మిషను.

16. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీలు) ఉన్నత పాఠశాలల్లోనే ఉంటారు, ప్రాథమిక బడిలో ఆట పీరియడ్ పోర్షన్ పూర్తికాని రోజు రద్దవుతుంది. ప్రతిరోజూ ఒక పీరియడ్ ఆట తప్పనిసరి చేయండి. తొక్కుడుబిళ్ల, ఖోఖో, కబడ్డీ, గోలీలకు ఖర్చు లేదు. ఒంటికాలి మీద నిలబడి గళ్లు దాటే ఆట ఒళ్లు అదుపులో పెట్టుకోవడం నేర్పుతుంది. తన వంతు వచ్చేదాకా ఆగడం మనసును అదుపులో పెట్టుకోవడం నేర్పుతుంది. బడి జాగాలో గడ్డివాములు, ట్రాక్టర్లు ఉన్న చోట తహసీల్దార్ గారి చేత సర్వే చేయించి ఖాళీ చేయించాలి.

17. పదో తరగతి వాళ్లకూ ఒకటో తరగతి వాళ్లకూ ఒకే ఎత్తు బల్లలు వేస్తే చిన్నపిల్లల కాళ్లు గాల్లో వేలాడతాయి, రాసేటప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తాయి. మూడో తరగతి లోపు పిల్లలకు పొట్టి బల్లలు, లేదంటే చాపలు, రాతపలకలు ఇవ్వాలి. 2020 స్కూలు బ్యాగు విధానం ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటకూడదు. 22 కిలోల బిడ్డకు 2 కిలోల 200 గ్రాములే హద్దు. రెండో తరగతి దాకా ఇంటిపని అసలే లేదు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. ఈ హద్దులు ప్రైవేటు బడులకూ వర్తిస్తాయని తమ ఉత్తర్వులో రాయాలి.

18. మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండిపోతారు. మాకు ఈ సంగతి పిల్లలు మూత్రం మంటతో జ్వరం తెచ్చుకున్నప్పుడు తెలిసింది. నీళ్ల ట్యాంకు, మోటారు, ఆయా జీతం ఈ మూడింటిలో ఏది ఆగినా పంచాయతీకి అదేరోజు తెలిసే పద్ధతి పెట్టాలి.

నాలుగు: దూరం, రోడ్డు

19. 2022 నాటి 117వ జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ జీవోను రద్దు చేసినందుకు కృతజ్ఞులం. అయితే కొత్త పునర్వ్యవస్థీకరణలోనూ ఏ ఊరి మూడో తరగతి పిల్లలైనా పెద్దరోడ్డు దాటి నడవాల్సి వస్తే దాన్ని మళ్లీ పరిశీలించాలి. ఎనిమిదేళ్ల బిడ్డకు వచ్చే లారీ వేగాన్ని, దూరాన్ని సరిగా అంచనా వేసే శక్తి ఇంకా రాదు. చూసి దాటమ్మా అని చెప్పినంత మాత్రాన ఆ శక్తి రాదు. ప్రాథమిక బడికి ఒక కిలోమీటరు హద్దు తప్పకూడదు. రోడ్డు దాటక తప్పని చోట ఉదయం, సాయంత్రం తోడు మనిషిని నియమించాలి.

ఐదు: దండన, అవమానం

20. కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కర్ర చాలావరకు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు. ఈ వయసులో బిడ్డకు నేను చేయగలను అన్న నమ్మకం కుదరడమో, నావల్ల కాదు అన్న ముద్ర పడటమో జరుగుతుంది. ఎరిక్ ఎరిక్సన్ దీన్ని శ్రమశీలతకూ న్యూనతకూ మధ్య పెనుగులాటగా వివరించారు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలను విడిగా వెనక బెంచీలో కూర్చోబెట్టడం, సుగ్గోళ్లు అని పిలవడం, చిన్న తరగతికి పంపుతామని బెదిరించడం ఆపాలి. మండలంలో జరిగే టీచర్ల కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ అంశాన్ని చర్చకు పెట్టాలి. ఆ సమావేశానికి ఒక్కసారైనా మమ్మల్నీ పిలవాలి.

మా వంతుగా చేసేది

అడగడంతో మా పని అయిపోయిందనుకోవడం లేదు. సెప్టెంబరు సర్వేకు ప్రతి వీధి నుంచి ఒక తల్లిని మేమే పంపుతాం. హాస్టల్లో రాత్రి తోడుకు మనుషులను ఊళ్లోనే చూసిపెడతాం. బడి ఆవరణ ఖాళీ చేయించేటప్పుడు అడ్డం వచ్చేవాళ్లతో కమిటీ మాట్లాడుతుంది. మా పిల్లలను ఉంచి పోయే ఏర్పాటు అక్టోబరుకల్లా కళ్లకు కనపడితే మేస్త్రీ దగ్గర అడ్వాన్సును భార్యాభర్తలిద్దరి కూలి మీదే మాట్లాడుకుంటాం, పిల్లలను లెక్కలో చేర్చనివ్వం. ప్రతి నెలా కమిటీ సమావేశంలో భోజనం, మాత్రలు, హాజరు రిజిస్టర్లు చూసి, చూసినట్టు సంతకం పెడతాం.

గడువు

పై ఇరవై కోరికల్లో పొద్దున్నే జావ, రోజూ ఆట పీరియడ్, ఎత్తు బరువు కొలత, సంచి బరువు, అవమానాల నిలుపుదలకు తమ సంతకం ఉన్న ఒక్క ఉత్తర్వు చాలు. దాన్ని ఈ నెలలోనే ఇప్పించగలరు. సర్వే, హాస్టళ్లు, సుగ్గి కార్డు, వైద్య బృందం రాక దీపావళికి ముందు పూర్తి కావాలి. టీచర్ల పోస్టులు, కన్నడ తెలిసిన టీచర్లు, బల్లలు, నీటి వసతి వచ్చే విద్యా సంవత్సరం జూన్‌లో బడి తెరిచేనాటికి సిద్ధం కావాలి. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావలసినవి ఏవో, జిల్లా స్థాయిలో అయ్యేవి ఏవో విడదీసి మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

జిల్లా విద్యాశాఖాధికారి, సమగ్ర శిక్ష, వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ, కార్మిక శాఖ అధికారులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మా కమిటీల ప్రతినిధులతో ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం. ఒక్కో శాఖ చుట్టూ విడివిడిగా తిరిగేందుకు కూలి పోగొట్టుకునే స్థితిలో మేము లేము. సమావేశం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్) రోజునే పెడితే అర్జీలకు వచ్చేవాళ్లతో కలిసి రాగలం. సుగ్గికి బయల్దేరే లోపు ఆ తేదీ తెలపాలని కోరుతున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,

ప్రాథమిక పాఠశాలల యాజమాన్య కమిటీల చైర్మన్లు, వైస్ చైర్మన్లు, సభ్యులు.
(గ్రామాలవారీ సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది.)

ప్రతులు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి; సమగ్ర శిక్ష జిల్లా ప్రాజెక్టు అధికారి గారికి; జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి; మండల విద్యాశాఖాధికారి గారికి; స్థానిక శాసనసభ్యుల వారికి.